రెండు చెంబుల నీళ్ళు

ఈసారి గోడపత్రికకు ‘మా ఇంటి పాత వస్తువు’ గురించి రాయమన్నారు మేడమ్. క్లాసులో అందరూ రోలు, తిరగలి, తాతగారి గడియారం అని తలా ఒకటి పంచేసుకున్నారు. నేను మా అవ్వ రాగిబిందె అని పేరు ఇచ్చాను. తీరా రాయడానికి కూర్చున్నాక తెలిసింది, బిందె గురించి రాయాలంటే మా నైనా చేపల తొట్టి గురించి రాయాలి. తొట్టి గురించి రాయాలంటే పోయిన సంవత్సరం నేను చేసిన ఒక పని బయటపెట్టాలి. ఇంట్లో అందరికీ తెలిసిపోయిన సంగతే, గోడమీద అంటించినంత మాత్రాన కొత్తగా పోయేదేమీ లేదు.

ముందు బిందె. అవ్వది తిరుత్తణి పక్కన పల్లె. 1960లో తిరుత్తణిని చిత్తూరు జిల్లాలోంచి తీసి మద్రాసు రాష్ట్రంలో కలిపినప్పుడు అవ్వకు ఏడెనిమిదేళ్ళు. “మేము యాడికీ పోలేదు, ఊరే అటునుంచి ఇటు వచ్చింది” అంటుంది. పెళ్ళికి పుట్టింటివాళ్ళు పెట్టిన బిందె అది. పది లీటర్లు పడుతుంది. రాత్రి నింపి మూత పెడుతుంది, పొద్దున లేచి నోరు కడుక్కోగానే అందులోంచి ఒక చెంబు తాగుతుంది. శుక్రవారం చింతపండు పెట్టి తోముతుంది. మాకు జలుబు చేసినా, కడుపునొప్పి వచ్చినా, పరీక్షలో మార్కులు తగ్గినా అవ్వ చెప్పే మందు ఒకటే: రాగి నీళ్ళు తాగు.

ఇక తొట్టి. నైనా అంబత్తూరు ఎస్టేటులో లేత్ మిషను మీద పని చేస్తాడు. సిగరెట్టు, తాగుడు ఏ అలవాటూ లేదు. ఉన్న ఒక్క పిచ్చి కొళత్తూరు. మద్రాసులో ఉన్నవాళ్ళకు చెప్పక్కరలేదు, రంగు చేపల అంగళ్ళన్నీ అక్కడే. చిన్నప్పుడు ఆదివారమైతే నన్ను సైకిలు ముందు కూర్చోపెట్టుకొని పోయేవాడు. మొదట్లో గోల్డ్ ఫిష్, గప్పీలు పెంచేవాడు. తరవాత ఆరేళ్ళ కిందట హాల్లో నాలుగడుగుల గాజు తొట్టి పెట్టి ఉప్పునీళ్ళకు మారాడు. అమ్మ ఇప్పటికీ దాన్ని ‘మీ నైనా రెండో సంసారం’ అంటుంది.

ఉప్పునీళ్ళ తొట్టి అంటే బీచికి పోయి నీళ్ళు తెచ్చి పోయడం అనుకున్నాను మొదట. కాదు. ఆర్ఓ నీళ్ళల్లో లీటరుకు 35 గ్రాముల లెక్కన సముద్రపు ఉప్పు పొడి కలిపి, సాంద్రత 1.025 వచ్చేదాకా చూసుకోవాలి. రోజూ కొంత నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మాత్రం ఎక్కడికీ పోదు. కాబట్టి తగ్గినంత మేరకు మంచినీళ్ళే పోయాలి, అది కూడా ఆర్ఓ నీళ్ళే. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తరవాత దీనితో పని ఉంది.

పగడాలు మనదేశంలో పట్టకూడదు, అమ్మకూడదు, చట్టం ఒప్పుకోదు. అందుకని నైనా రాళ్ళు తనే చేశాడు. సిమెంటు, గుల్ల ఇసుక కలిపి, మధ్యలో రాళ్ళ ఉప్పు వేసి, ఆరాక ఆ ఉప్పు కరిగి చిల్లులు పడేటట్టు. మేడమీద డ్రమ్ములో వాటిని రెండు నెలలు నానబెట్టి, సిమెంటు ఘాటు పోయేదాకా వారం వారం నీళ్ళు మార్చాడు. ఆ రాళ్ళ సందుల్లో రెండు క్లౌన్ చేపలు, ఒక పసుపుతోక డామ్సెల్, ఆరు నత్తలు, గవ్వల్లో దూరి తిరిగే మూడు చిన్న ఎండ్రకాయలు, రెండు క్లీనర్ రొయ్యలు.

అందరికీ ఇష్టమైనవి ఆ రొయ్యలే. ఎర్రటి వీపుమీద పొడుగునా తెల్ల గీత, తెల్లటి మీసాలు. చేపల ఒంటిమీద, మొప్పల్లో ఉన్న మురికి ఏరుకొని తింటాయి. నైనా పనినుంచి వచ్చి చేతులు బాగా కడుక్కొని తొట్టిలో వేలు పెడితే వచ్చి వేలిమీద కూర్చొని గోరు చుట్టూ గిల్లేవి. లేతు పనివాడి గోళ్ళు కదా, ఎంత రుద్దినా కొంచెం నలుపు ఉండేది. “మీ అమ్మ కూడా ఇంత శ్రద్ధగా చూడలేదు నన్ను” అనేవాడు.

ఒకసారి పొద్దున నేను లేచేసరికి రొయ్య ఒకటి ఇసుకమీద వెల్లకిలా పడి ఉంది. ఏడ్చి గోల చేశాను. నైనా చూసి నవ్వాడు. అది కుబుసం. రొయ్యలు ఎదిగేటప్పుడు పైచిప్ప మొత్తం, మీసాలతో సహా విడిచిపెడతాయట. అసలు రొయ్య రాతి వెనక దాక్కొని ఉంది. చేతిలోకి తీసుకుంటే ఆ కుబుసానికి బరువే లేదు, గాజు కాగితంలా ఉంది.

పోయిన సంవత్సరం ఆగస్టులో నైనాకు పిత్తాశయంలో రాళ్ళని ఆపరేషన్ అయింది. అమ్మ తోడు ఉండడానికి పోయింది. ఇంట్లో అవ్వ, నేను, తమ్ముడు. పోయేముందు నైనా ఒక కాగితంమీద ఏ పూట ఏం చెయ్యాలో రాసి తొట్టి అద్దానికి అంటించాడు. కింద గీత గీసి ‘ఏ అనుమానం వచ్చినా ఫోన్ చెయ్యి’ అని రాశాడు.

నాలుగో రోజు పొద్దున పెద్ద క్లౌన్ చేప ఒంటిమీద తెల్ల చుక్కలు కనిపించాయి. ఉప్పు రవ్వ చల్లినట్టు. సాయంత్రానికి డామ్సెల్‌కు కూడా. ఆ పొద్దునే నైనాకు ఆపరేషన్. అందుకని ఫోన్ చెయ్యలేదని తరవాత చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే, కానీ సగమే. నేనే చూసుకొని, నైనా తిరిగొచ్చాక ‘ఇట్లా అయితే నేనే నయం చేశాను’ అని చెప్పాలని ఉండింది.

బస్సెక్కి ఒక చేపల అంగడికి పోయాను. ఫోటో చూపించాను. అతను చూసి, “వెరుం మీన్ దానా, వేరె ఏదావదు ఇరుక్కా?” అని అడిగాడు. ఒట్టి చేపలేనా, వేరే ఏమైనా ఉన్నాయా అని. చాలా సరిగ్గా అడిగాడు పాపం. నాకు తొట్టిలో ఉండేదంతా చేపలే. “మీన్ దాన్” అన్నాను. చిన్న సీసా ఇచ్చాడు. లోపల మందు నీలంగా, చాలా అందంగా ఉంది. రెండు మూతలు పోయమన్నాడు. రాత్రి రెండు మూతలు పోశాను. చుక్కలు అట్లాగే ఉన్నాయని మర్నాడు పొద్దున ఇంకో రెండు.

ఆ సాయంత్రం కాలేజీ నుంచి వచ్చేసరికి రొయ్య ఒకటి ఇసుకమీద పడి ఉంది. కుబుసమే అనుకున్నాను. నిజంగా అట్లాగే అనుకున్నాను, సంతోషపడ్డాను కూడా. బట్టలు మార్చుకొని, కాఫీ తాగి, నిదానంగా వల పెట్టి తీశాను. బరువుగా ఉంది.

రెండోది ఆ రాత్రే పోయింది. నత్తలు ఒక్కొక్కటే అద్దం వదిలి కిందపడ్డాయి. వెల్లకిలా పడితే అవి లేవలేవని నైనా ఎప్పుడో చెప్పాడు. తిప్పి పెట్టాను, మళ్ళీ పడ్డాయి. మూడో రోజుకు వాసన. చచ్చిన నత్త వాసన ఎట్లా ఉంటుందో రాయను, ఈ గోడ పక్కనే అందరూ టిఫిన్ బాక్సులు విప్పుతారు. చేపలకు మాత్రం ఏమీ కాలేదు. చుక్కలు కూడా పోయాయి. సీసాను బీరువాలో నా పుస్తకాల వెనక పెట్టాను.

ఆ వారమే ఒక రాత్రి చాలాసేపు కరెంటు పోయింది. అది నిజం. నైనా ఫోన్ చేసినప్పుడు “కరెంటు పోయింది నైనా, రొయ్యలు పోయినాయి” అన్నాను. రెండు మాటల్లో దేన్లోనూ అబద్ధం లేదు.

ఎనిమిదో రోజు నైనా ఇంటికి వచ్చాడు. పొట్టమీద చెయ్యి పెట్టుకొని వంగి నడుస్తూ వచ్చి, చొక్కా కూడా విప్పకుండా తొట్టి ముందు కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత, “కరెంటు పోయి గాలి ఆడకపోతే ముందు చేపలు పోవాల. చేపలు బాగుండి నత్తా, రొయ్యా, ఎండ్రకాయా అన్నీ పోయినాయంటే ఇది గాలి కాదు. రాగి” అన్నాడు. కొళత్తూరులో ఉన్న స్నేహితుడి దగ్గర రాగి కొలిచే కిట్టు తెప్పించాడు. చిన్న గాజు గొట్టంలో తొట్టి నీళ్ళు, నాలుగు చుక్కల మందు, రంగు అట్టతో పోల్చి చూడడం. లీటరుకు 0.25 మిల్లీగ్రాములు.

ఇల్లంతా వెతికాడు. మోటారు దగ్గర ఇత్తడి ముక్క ఏదైనా తగిలిందా, ఆర్ఓ చెడిపోయిందా అని. ఏదీ లేదు. అప్పుడు వంటింటి గుమ్మం దగ్గర ఆగిపోయాడు.

“అమ్మా, నువ్వేమన్నా తొట్టిలో బిందె నీళ్ళు పోసినావా?”

అవ్వ చిక్కుడుకాయలు ఒలుస్తా ఉంది. తల ఎత్తకుండా, “పోసినా నాయనా. ఆ పొద్దు కరెంటు లేదు, మిషన్లో నీళ్ళు రాలేదు, తొట్టిలో చూస్తే తగ్గిపోయి ఉండాది. రెండు చెంబులు పోసినా” అంది.

నైనా గట్టిగా అరిచే మనిషి కాదు. ఆరోజు అరిచాడు. పొట్టలో కుట్లు పట్టుకొని అరిచాడు. “ఆరేళ్ళు! ఆరేళ్ళు పెంచినా!” అన్నాడు. అవ్వ చిక్కుడుకాయలు ఒలవడం ఆపలేదు. సాయంత్రం తమ్ముణ్ణి పిలిచి బిందెను అటక ఎక్కించమంది. మర్నాటినుంచి స్టీలు బిందె. పొద్దున చెంబు తాగడం కూడా మానేసింది. నేను ఇదంతా చూస్తా ఉండి, చరిత్ర పుస్తకం తెరిచి పెట్టుకొని కూర్చున్నాను.

రెండు మూడు రోజులు నిజంగానే నన్ను నేను నమ్మించుకున్నాను, బిందె నీళ్ళ వల్లే అయి ఉంటుందని. జువాలజీ చదివే మా ఫ్రెండును అడిగాను. తను చెప్పింది వింటే ఆశ్చర్యమేసింది. మన రక్తంలో ఆక్సిజన్‌ను మోసేది ఇనుము ఉన్న హీమోగ్లోబిన్. రొయ్యలకు, ఎండ్రకాయలకు, చాలా నత్తలకు ఆ పని చేసేది హీమోసయనిన్, దాన్లో ఉండేది రాగి. ఆక్సిజన్ అందుకున్నప్పుడు వాటి రక్తం లేత నీలంగా ఉంటుంది. అంటే రాగి లేకపోతే రొయ్య బతకదు. కానీ అదే రాగి నీళ్ళల్లో కరిగి మొప్పలకు పట్టుకుంటే, ఒంట్లో ఉప్పు ఎంత ఉండాలో చూసుకునే పని చెడిపోయి చచ్చిపోతుంది. సముద్రంలో రాగి లీటరుకు ఒక మైక్రోగ్రాము కూడా ఉండదట. చేపల రోగానికి వేసే మోతాదు దానికి వందల రెట్లు. చేప తట్టుకుంటుంది, రొయ్య తట్టుకోలేదు.

తరవాత లెక్క వేశాను. మనుషులు తాగే నీళ్ళల్లో రాగి లీటరుకు 2 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. అవ్వ బిందె నీళ్ళు సరిగ్గా ఆ హద్దులోనే ఉన్నాయనుకున్నా, రెండు చెంబులు అంటే రెండు లీటర్లు, 4 మిల్లీగ్రాములు. మా తొట్టిలో నీళ్ళు 180 లీటర్లు. 0.25 చొప్పున 45 మిల్లీగ్రాముల రాగి ఉండాలి. అవ్వ ఇరవై రెండు చెంబులు పోసి ఉంటేగానీ అంత రాదు. ఈ లెక్క ఆరో క్లాసు పిల్లలు కూడా వేస్తారు. నైనా కోపంలో ఉండి వెయ్యలేదు. నేను వేసి, కాగితం చింపేశాను.

నైనాకు ఒక నోటుపుస్తకం ఉంది. తొట్టి పెట్టిన రోజునుంచి తేదీ, ఉప్పు, వేడి, అన్నీ రాస్తాడు. ఒకరోజు తెరిచి చూశాను. ‘రాగి 0.25. కారణం: అమ్మ బిందె నీళ్ళు’ అని నీలం ఇంకుతో రాసి ఉంది. నైనా చేతిరాత చాలా బాగుంటుంది.

ఆ రాత్రే అవ్వ నా పక్కన వచ్చి పడుకొని, కొంగులోంచి ఏదో తీసి నా చేతిలో పెట్టింది. సీసా.

“నీ పుస్తకాల ఎనక ఉండె. బట్టలు సర్దతా ఉంటే దొరికింది. సాక్కడలో పొయ్యబాకు, చెట్లకు పొయ్యబాకు. యాడన్నా గట్టిగా మూతపెట్టి పారెయ్.”

“అవ్వా, ఇది ఏందో నీకు తెలుసా?”

“తెలీకేం. మైలుతుత్తం. మా నాయన తమలపాకు తోటకు సున్నంతో కలిపి కొడతా ఉండె. ఆ రంగు నేను మరస్తానా? గుంటలో పడితే నత్తలన్నీ తేలతాయి.”

తమిళంలో మయిల్ తుత్తం. మయిల్ అంటే నెమలి, దాని రంగూ నెమలి మెడ రంగే. మన మాటలో ఉన్నదీ ఆ నెమలేనని అవ్వ నమ్మకం. ఇవన్నీ చెప్తా చెప్తా అవ్వ నిద్రపోయింది. ఎప్పుడు దొరికింది అని నేను అడగలేదు. బట్టలు సర్దేది ఆదివారం. నైనా అరిచింది మంగళవారం.

పొద్దున నైనా కాఫీ తాగుతా ఉంటే సీసా తీసుకుపోయి ముందు పెట్టాను. చెప్పాను. ఏం మాటలు వాడానో గుర్తులేదు. ఏడవకూడదని మాత్రం అనుకున్నాను, ఏడ్చాను. నైనా సీసా ఎత్తి వెలుగులో పెట్టి చిన్న అక్షరాలు చదివాడు. మొదట అడిగిన మాట ఇది: “మూతకు ఎన్ని మిల్లీ?”

“ఐదు.”

“ఎన్ని మూతలు?”

“నాలుగు.”

పుస్తకం తెచ్చి లెక్క వేశాడు. ‘అమ్మ బిందె నీళ్ళు’ అన్నదాన్ని స్కేలు పెట్టి కొట్టేశాడు. ఆ పక్కన ఏమీ రాయలేదు. ఆ జాగా ఇప్పటికీ ఖాళీగానే ఉంది. స్టూలు వేసుకోబోతే అమ్మ అడ్డం పడింది, కుట్లు ఇంకా ఆరలేదని. తమ్ముడే ఎక్కి బిందె దించాడు. నైనా కింద కూర్చొని తనే చింతపండు పెట్టి తోమాడు. అవ్వ చూసి, “అంచు కింద సరిగ్గా పోలేదు” అని మాత్రం అంది.

నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు. ఐదో రోజు కిట్టు నా చేతికిచ్చి “నెంబరు చెప్పు” అన్నాడు. అప్పటినుంచి కొలిచే పని నాది.

రాగిని పోయడానికి అర నిమిషం పట్టింది, తీయడానికి ఎనిమిది నెలలు. చుక్కలు పోయాయని నేను మురిసిపోయానే, ఆ పురుగు దానంతట అదే కొన్నాళ్ళకు చేపను వదిలి ఇసుకలో పడి గూడు కట్టుకుంటుందట. అక్కడ వందలుగా పెరిగి మళ్ళీ ఈదుకుంటూ వస్తుంది. మందు చంపగలిగేది ఆ ఈదే దశలోనే. అందుకని చేపల్ని వేరే టబ్బులో పెట్టాలి. ఇసుక, రాళ్ళు ఏమీ లేకుండా, దాక్కోడానికి పైపు ముక్కలు మాత్రం వేసి. దానికి ఆస్పత్రి తొట్టి అని పేరు. మూడు చేపల్నీ అందులో 30 రోజులు ఉంచాము. రోజూ కొలిచి, లీటరుకు 0.2 తగ్గకుండా, పెరగకుండా రాగి వేశాము. వేసింది నా సీసాలోదే. నైనా పారెయ్యనివ్వలేదు.

పెద్ద తొట్టిలో సగం నీళ్ళు తీసి కొత్తవి పోశాము. సగమైంది. మళ్ళీ సగం తీశాము. యాక్టివేటెడ్ కార్బన్ వేశాము. రాగిని పీల్చే తెల్లటి ప్యాడు ఒకటి వస్తుంది, దాన్ని నీళ్ళు పారే చోట పెడితే రాగి పట్టుకొనే కొద్దీ నీలం తిరుగుతుంది. రెండు రోజుల్లో అంచులు నీలమయ్యాయి. మూడు వారాలకు నెంబరు సున్నా వచ్చింది. నేను ఎగిరాను. “ఎనిమిది రోజులు ఆగు” అన్నాడు నైనా. ఎనిమిది రోజులకు మళ్ళీ 0.1.

రాళ్ళు తాగేశాయి. సున్నం ఉన్న రాయి, ఇసుక రాగిని పట్టి లోపల ఉంచుకుంటాయి. నీళ్ళు శుభ్రమయ్యాక మెల్లగా వదులుతాయి. ఇట్లా మూడుసార్లు సున్నా వచ్చి మూడుసార్లు తిరిగొచ్చింది. నాలుగోసారి నైనా ఇసుక మొత్తం తోడేసి, తను చేసిన రాళ్ళన్నీ బయటపెట్టాడు. పారేస్తాడనుకున్నాను. మేడమీద పూలకుండీలకు ఆనుగా వరసగా పెట్టాడు. వాటి మీదనుంచి నడిచిపోయేటప్పుడు నేను ఇప్పటికీ అటు చూడను.

కొత్త రాళ్ళకు సిమెంటు నేనే కలిపాను. మళ్ళీ డ్రమ్ము, మళ్ళీ రెండు నెలలు, వారం వారం నీళ్ళు మార్చేది నేనే. తెల్ల చుక్క పురుగు ఆకలికి చావాలంటే తొట్టిలో చేప లేకుండా 76 రోజులు ఉంచాలని ఈ పిచ్చి ఉన్నవాళ్ళు లెక్క చెప్తారు. మాకు అంతకంటే చాలా ఎక్కువే అయింది. హాల్లో చేపలు లేని తొట్టిని చూసి వచ్చినవాళ్ళందరూ “ఏం, చేపలు చచ్చిపోయినాయా?” అని అడిగేవాళ్ళు. అవ్వ “సుట్టాల ఊరికి పోయినాయి” అనేది.

ఏప్రిల్‌లో ఐదు వారాలు వరసగా సున్నా వచ్చింది. కిట్టు సున్నా చూపినా నత్త ఒప్పుకోవాలి అన్నాడు నైనా. ఒక్క నత్తను తెచ్చాడు. నీళ్ళు కొంచెం కొంచెంగా అలవాటు చేసి, సాయంత్రం ఆరింటికి అద్దానికి అంటించాడు. అది గవ్వ మూసుకొని అక్కడే ఉండిపోయింది. ఎనిమిదికి చూశాను. పదికి చూశాను. అద్దంమీద అది ఉన్న చోట బయటినుంచి పెన్నుతో గీత గీశాను. నైనా పడుకోడానికి పోయాడు, నిద్రపోలేదు, దగ్గు వినిపిస్తా ఉంది.

పన్నెండు కావస్తుండగా టార్చి వేసి చూస్తే నత్త నా గీతకు జానెడు పైన ఉంది. అది పోయిన దారంతా అద్దంమీద నాచు తినేసి శుభ్రంగా ఉంది.

“నడిచిందామ్మే?” చీకట్లోంచి అవ్వ గొంతు.

“నడిచింది అవ్వా.”

“నెంబరు రాసి పడుకో” అన్నాడు లోపలినుంచి నైనా.

ఇప్పుడు నత్తలు నాలుగు. చేపలు మూడూ తిరిగొచ్చాయి. అద్దంమీద కాగితం మారింది, ‘మంచినీళ్ళు: ఆర్ఓ మాత్రమే. కరెంటు లేకపోతే ఏమీ పొయ్యొద్దు’ అని ఒక వరస ఎక్కువైంది, దాని కింద అవ్వ వేలిముద్ర వేసింది, సంతకం వచ్చినా సరే, ఎగతాళికి. పొద్దున ఐదున్నరకు బిందె మూత చప్పుడు వినిపిస్తుంది. రొయ్యలు మాత్రం నైనా ఇంకా తేలేదు. పనినుంచి వచ్చి చేతులు కడుక్కొని ఒక్కోసారి తొట్టి దాకా పోతాడు, ఆగి, తువ్వాలుకు తుడుచుకొని వచ్చేస్తాడు. ఎప్పుడు తెస్తావు నైనా అని నేను ఇంకా అడగలేదు.